తాళంచెవి ఎదురింట్లో

జూన్ 10, 1968. సోమవారం

ఇవాళ ఒకావిడ ప్యాంటు వేసుకుని, సైకిలు తొక్కుకుంటూ వచ్చి తాళంచెవి అడిగింది.

కోట గేటు మీద "తాళంచెవి ఎదురింట్లో అడగండి" అని రేకుముక్క వేలాడుతున్నంత కాలం ఎవరో ఒకరు వచ్చి అడుగుతూనే ఉంటారు. ఇదేం కొత్త కాదు. మా అత్తగారు పోయాక ఈ పద్నాలుగేళ్ళూ తలుపు తీస్తున్నది నేనే. తీసి, "గారెట్! ఎవరో వచ్చారు" అని కేకెయ్యడం వరకే నా వంతు. మేకుకున్న తాళంచెవి అందుకోవడం, వాళ్ళతో రోడ్డు దాటడం, లోపలంతా తిప్పి మళ్ళీ తాళం వెయ్యడం మా ఆయన గారెట్ పని. గడ్డి కోతల్లో ఉన్నా సరే, ఆ తాళంచెవి ఒకరి చేతికిచ్చి పంపడు. కాంట్‌వెల్ వంశం వాళ్ళు కట్టిన కోట కదా, ఆ గర్వం అనుకుంటాను. ఎప్పుడో సముద్రం దాటొచ్చిన నార్మన్ దొరలు కట్టుకున్నారు, పోయారు. వాళ్ళ ఇంటిపేరూ, జానెడు తాళంచెవీ మాకు మిగిలాయి.

వచ్చినావిడ పేరు మిస్ ప్రిచర్డ్. వేల్స్ మనిషి. ప్రభుత్వం వాళ్ళు పంపారట, కోటలో ప్రతి రాయినీ కాగితం మీదికి ఎక్కించడానికి. మాలీ డెలహంటీ ఇంట్లో దిగింది. సెప్టెంబర్లో కూలీలు వచ్చి లోపల తవ్వుతారట. ఆ దొరలు ఎక్కడ వండుకున్నారో, ఎక్కడ పడుకున్నారో తెలుసుకోవాలట. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటి వంటింటి మీద ఎంత ఆరాటమో!

"తవ్వుతారా?" అన్నాడు గారెట్. రాత్రి భోజనం దగ్గర తను మాట్లాడింది అదొక్క మాటే.

జూన్ 13, గురువారం

గారెట్ వారం మధ్యలో గడ్డం గీసుకున్నాడు.

ఇరవై రెండేళ్ళ కాపురంలో శనివారం సాయంత్రం కాకుండా గీసుకున్నది రెండేసార్లు. ఒకటి మా పెళ్ళికి, రెండోది వాళ్ళమ్మ పోయినప్పుడు.

నేనేం అనలేదు. "పెళ్ళా, చావా?" అని మాత్రం అడిగాను.

"దురదగా ఉంది" అన్నాడు.

జూన్ 16, ఆదివారం

చర్చిలో పూజ అయ్యాక లిషీన్ పొలం దాకా నడిచి వచ్చాను. కంచె పొదల పూత అంతా రాలిపోయింది.

జూన్ 20, గురువారం

పాలు పితికే ముక్కాలిపీట కనపడక కొట్టమంతా వెతికాను. చివరికి వంటింటి గుమ్మంలోంచే కనిపించింది, రోడ్డవతల, కోట గేటుకు కాస్త లోపలగా. దాని మీద ప్యాంటావిడ. మోకాళ్ళ మీద పలక, పలక మీద కాగితం. పక్కన గారెట్ నిలబడి మాట్లాడుతున్నాడు.

మాట్లాడుతున్నాడు! చేతులు కూడా ఊపుతున్నాడు! మాటలు వినపడలేదు గానీ పెదాలు కదలడం కనిపించింది. పొయ్యి మీద దుంపలు ఉడికి, నీళ్ళు ఇగిరి, అడుగంటి మాడేదాకా కదులుతూనే ఉన్నాయి.

"దుంపలు మాడాయి" అన్నాడు భోజనంలో.

"నా పీటేది?"

"ఆవిడ నేల మీద కూర్చుంటోంది. రాళ్ళు చల్లగా ఉంటాయి."

రాళ్ళు చల్లగా ఉంటాయని ఈ మహానుభావుడికి ఇప్పుడు తెలిసింది. ఇంట్లో మూగనోము, రోడ్డు దాటితే పురాణ కాలక్షేపం.

నాకు అసూయేం లేదు. నలభై అయిదేళ్ళు వచ్చాయి, ఈ వయసులో అసూయేమిటి? పీట నాది. అంతవరకే.

జూన్ 24, సోమవారం

గుడ్లు కావాలని మాలీ డెలహంటీ వచ్చింది. మీ కోళ్ళేమయ్యాయని అడగాల్సింది, తోచలేదు.

"ఏమే నోనీ, మీ ఆయన నోట్లో నాలుకుందని ఊళ్ళో ఎవరికీ తెలీదు కదే! మా మిస్సమ్మ పొద్దస్తమానం 'మిస్టర్ కాంట్‌వెల్ అలా చెప్పారు, మిస్టర్ కాంట్‌వెల్ ఇలా చెప్పారు' అంటుంటే, ఈ ఊళ్ళో ఇంకో కాంట్‌వెల్ ఎవడబ్బా అనుకున్నాను."

"కోట గురించి చెబుతాడులే. వాళ్ళ పెద్దలు కట్టిందేగా."

"చెప్పనీ, చెప్పనీ. ఒకరోజు చూపిస్తాడు, రెండ్రోజులు చూపిస్తాడు. రెండు వారాలు చూపించేంత కోట ఉందా తల్లీ మనూళ్ళో? నాలుగు గోడలూ ఒక బురుజూనాయె!"

"ప్రతి రాయీ గియ్యాలటగా."

"అవునులే. మీ ఆయన కూడా ఒక రాయేగా, ఆయన్నీ గీస్తోందేమో!"

తన మాటకి తనే పడిపడి నవ్వింది. పుండు మీద కారం చల్లడానికి బుట్ట కూడా వెంట తెచ్చుకోవాలా? చిన్న గుడ్లు ఏరి ఇచ్చాను.

జూన్ 30, ఆదివారం

లిషీన్ పొలం. వాన పడితే తొందరగా వచ్చేశాను. గారెట్ ఇంట్లో లేడు. ఆదివారం కూడా కోటేనా?

జూలై 3, బుధవారం

నేనే కేటిల్‌తో టీ పట్టుకుని గేటు దాకా వెళ్ళాను. మంచితనం కొద్దీ వెళ్ళాను. లోపల ఏం జరుగుతోందో చూడాలని కాదు.

గడ్డిలో అక్కడక్కడా గూటాలు పాతి దారాలు కట్టి ఉన్నాయి. తవ్వే చోట్లకు గుర్తులట. గారెట్ అవతల ఎక్కడో ఉన్నాడు, కనపడలేదు.

"మిసెస్ కాంట్‌వెల్, ఒక వింత చెప్పనా?" అంది ఆవిడ. "ఒక మూలన సాయంత్రం పాతిన గూటాలు పొద్దునకి రెండు గజాలు జరిగి ఉంటున్నాయి. ఇప్పటికి మూడుసార్లు."

"గొర్రెలేమో."

"గేటుకు తాళం ఉంటుంది కదండీ?"

"మా గొర్రెలకి తాళాలు లెక్కలేదు" అన్నాను.

నవ్వింది. పళ్ళు బాగుంటాయి ఆవిడకి, ఆ మాట ఒప్పుకోవాలి. ముఖమంతా మచ్చలే. లోపలికి వచ్చి చూడమంది. వద్దన్నాను. నా కోటలోకి నన్ను ఈవిడ పిలుస్తుందా?

పెళ్ళికి ముందు ఆగస్టు ఉత్సవానికి అందరం లోపల చేరి నాట్యం చేసేవాళ్ళం. బురుజు మెట్ల దగ్గర గారెట్ మొదటిసారి నా చెయ్యి పట్టుకున్నాడు. చేతిలో చెమట పట్టి జారిపోతే మళ్ళీ పట్టుకున్నాడు. ఆ నలభై ఏడో సంవత్సరం చలికాలం దాటాక మాత్రం, "లోపలికి రాకు నోనీ, రాళ్ళు ఊడిపడుతున్నాయి" అన్నాడు. సరేనన్నాను. ప్రతి ఏడూ అదే మాట, ప్రతి ఏడూ సరేనన్నాను. ఆ రాళ్ళు ప్యాంటావిడ నెత్తిన మాత్రం పడవు కాబోలు.

జూలై 5, శుక్రవారం

గారెట్ పాల కేంద్రానికి వెళ్ళినప్పుడు తను చర్చికి వేసుకునే ఆదివారం ప్యాంటు తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను. ముందు నుంచి పర్వాలేదు. పక్కకి తిరిగాను, తిరక్కుండా ఉండాల్సింది.

మడతపెట్టి ఎలా ఉందో అలాగే పెట్టేశాను. ఈ కాగితం చింపెయ్యాలి.

జూలై 6, శనివారం

కోసిన గడ్డి వానలో నానింది. నిన్న ఎండ కాసినప్పుడు కుప్ప వెయ్యాల్సిన మనిషి కోటలో ఉన్నాడు. ఒక్కదాన్నే ఎంత వెయ్యగలను? "గడ్డి పోయింది" అన్నాను. "పోతే పోయింది" అన్నాడు. గారెట్ నోట ఆ మాట వస్తుందని చచ్చిన మా అత్తగారు కూడా నమ్మదు.

జూలై 9, మంగళవారం

పై గదిలో దుప్పట్లు మారుస్తూ కిటికీలోంచి చూశాను. చూడాలని చూడలేదు.

గారెట్ కోట గోడకి నుదురు ఆనించి నిలబడ్డాడు. ఆవిడ చెయ్యి గారెట్ భుజం మీద ఉంది. తియ్యలేదు, అలాగే ఉంచింది. కాసేపటికి గారెట్ ఇటు తిరిగి చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు.

ఏడుస్తున్నాడు.

కన్నతల్లి పోతే ఏడవని మనిషి. ఇరవై రెండేళ్ళలో నాకొక్క కన్నీటిచుక్క చూపించని మనిషి. ఆవిడ ముందు, పట్టపగలు.

అసూయ లేదని ఇంక రాయను. ఉంది. వయసులో ఉన్నదాని మీద మోజు పడ్డాడంటే ఏదోలే, మగబుద్ధి అని తిట్టి ఊరుకుందును. ఏడవడానికి కూడా ఆవిడే కావాల్సి వచ్చిందా?

జూలై 10, బుధవారం

నలభై ఏడు నవంబరు గురించి ఈ పుస్తకంలో ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాస్తాను.

మగపిల్లాడు. ఊపిరి తియ్యలేదు. మంత్రసాని ఒక్కసారి నాకు చూపించి గుడ్డలో చుట్టేసింది. జ్ఞానస్నానం అందకుండా పోయిన బిడ్డని చర్చి సమాధుల తోటలో పెట్టనివ్వరు. పొద్దుగూకే వేళ తండ్రి ఒంటరిగా తీసుకెళ్ళి ఎక్కడో పెట్టి రావాలి. ఎక్కడన్నది తల్లికి చెప్పకూడదు. తల్లి అడగకూడదు. మా వైపు ఎప్పటి నుంచో ఉన్నదే, నా కోసం కొత్తగా పెట్టింది కాదు. గారెట్ బిడ్డని పెట్టిన వెన్న పెట్టెని కోటు కింద పెట్టుకుని వెళ్ళాడు. చీకటి పడ్డాక వచ్చి, చేతులు కడుక్కుని, "అయిపోయింది" అన్నాడు. అంతే. మళ్ళీ ఆ ఊసు మా ఇద్దరి మధ్యా రాలేదు. మళ్ళీ బిడ్డలూ కలగలేదు.

అలాంటి పిల్లలంతా లిషీన్ పొలంలోనే ఉంటారని ఊరందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. అక్కడ తప్ప ఇంకెక్కడ పెడతారు? అందుకే ఆదివారాలు వెళ్తాను, కాసేపు కంచె దగ్గర నిలబడి జపం చెప్పుకుని వస్తాను. గారెట్‌కి నడక అని చెబుతాను.

ఆ రోజు కూడా కన్ను తడవలేదు ఈ మనిషికి. అప్పుడు దాచుకున్నదంతా ఆవిడ కోసం దాచాడన్నమాట.

జూలై 11, గురువారం

తాళంచెవిని పిండి డబ్బాలో అడుగున పెట్టాను.

"నోనీ, తాళంచెవేదీ?"

"మేకుకుంటుంది."

"లేదు."

"అయితే నువ్వే ఎక్కడో పారేసి ఉంటావు. ఈ మధ్య నీ ధ్యాస ఇంట్లో ఉంటేగా!"

ముఖం తెల్లబోయింది. దారంతా వెతికాడు, కొట్టం వెతికాడు, బావి దగ్గర బోర్లా పడుకుని నీళ్ళలోకి చూశాడు. ప్యాంటావిడ గేటు దగ్గర ముక్కాలిపీట చేత్తో పట్టుకుని మధ్యాహ్నం దాకా నిలబడి వెళ్ళిపోయింది. నేను ఆ పిండితోనే రొట్టె చేశాను. బాగా పొంగింది.

జూలై 12, శుక్రవారం

యాభై రెండేళ్ళ మనిషి కోట గోడ ఎక్కి లోపలికి దూకాడు. అరచెయ్యి చీరుకుపోయింది. ఇంటికి వచ్చేసరికి ఆవిడ రుమాలు కట్టి ఉంది, అంచుకి కుట్టుపనీ అదీ.

"లోపల నీకేం పని?" అన్నాను.

"చూసి రావాలి."

"ఏం చూడాలి? ఏడొందల ఏళ్ళుగా ఉన్నది ఒక్కరోజులో నడిచిపోతుందా?"

చెయ్యి కడిగి నా పాత దిండు గలీబు చింపి కట్టు కట్టాను. ఆ రుమాలు ఉతికి ఇమ్మన్నాడు. పొయ్యిలో వేశాను.

జూలై 14, ఆదివారం

లిషీన్ పొలం. జపం మధ్యలో ప్యాంటావిడ కాలు విరగాలని కోరుకున్నాను. కోరుకునే చోటు కాదది. తప్పే.

జూలై 16, మంగళవారం

ఆవిడ ఇంటికి వచ్చింది. గారెట్ లేని వేళ చూసుకుని వచ్చింది.

"మీతో ఒంటరిగా మాట్లాడాలి, మిసెస్ కాంట్‌వెల్. ఎల్లుండి వెళ్ళిపోతున్నాను."

వచ్చింది ముహూర్తం అనుకున్నాను. ఏమంటుందో, ఏమనాలో అన్నీ రాత్రే అనుకుని ఉన్నాను. మర్యాదకి టీ ఇచ్చాను, బంగారు అంచు కప్పులో కాదు. ఆవిడ నా బల్ల మీద చుట్ట విప్పి ఇంత పెద్ద కాగితం పరిచింది. కోట. కాగితం నిండా చీమల్లా రాళ్ళు.

"ఇది మీకు చూపించకుండా పంపడం నాకు బాగాలేదు. గూటాలు జరుపుతున్నది మిస్టర్ కాంట్‌వెల్లే. వారం కిందట నేను చూసేశాను. ఎందుకు చేస్తున్నారని అడిగాను. పాపం, చెప్పడానికి చాలా కష్టపడ్డారు." వేలు కాగితం మీద ఎక్కడో పెట్టింది. "మీ బాబు ఉన్న చోటికి దరిదాపుల్లో ఎవరూ పార దించరు. నేను రాసి పంపాను, పైవాళ్ళు ఒప్పుకున్నారు. అది చెప్పి వెళ్దామని. మీరు ఇంక దిగులు పెట్టుకోకండి."

ఆ వేలు ఎక్కడుందో చూద్దామంటే నా కళ్ళకి రాళ్ళన్నీ అలుక్కుపోయాయి.

నా వంక చూసి ఆవిడ కంగారు పడింది. "మీకు... తెలుసు కదండీ?"

"తెలీకేం?" అన్నాను. "నా బిడ్డ ఎక్కడున్నాడో నాకు తెలీదా?"

ఇంకో కప్పు టీ పోశాను. ఒక్క చుక్క ఒలకలేదు. ఆవిడ ముందు ఒలకనిస్తానా?

కాగితం చుట్టుకుని వెళ్ళింది. సైకిలు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చెయ్యి కూడా ఊపాను. తర్వాత కప్పు గోడకేసి కొట్టాను.

ఇరవై ఏళ్ళు లిషీన్ కంచె దగ్గర నిలబడి ఎవరెవరి పిల్లలకో జపం చెప్పాను. నా బిడ్డ రోడ్డవతలే ఉన్నాడు. తాళంచెవి నా వంటింట్లోనే ఉంది.

ఆవిడకి చెప్పాడు. నాకు చెప్పలేదు.

ఆవిడకి చెప్పాడు.

జూలై 17, బుధవారం

గారెట్ పాలు తీసుకుని బండి కట్టగానే పిండి డబ్బాలోంచి తాళంచెవి తీశాను. తుడవను కూడా లేదు. రోడ్డు దాటడానికి పదిహేను అడుగులు పడతాయి. ఇరవై ఏళ్ళు పట్టింది.

లోపల దూలగొండి ఆకు నడుము దాకా పెరిగింది. పైన కాకులు. మూల మూలకీ వెళ్ళాను. ప్రతి మూలా రాలిన రాళ్ళే, ఏ రాయి పెట్టినదో ఏది పడినదో ఎలా తెలుస్తుంది? "తెలీకేం" అన్నదాన్ని, ఇంకెవర్ని అడగను? చివరికి అవతలి గోడ కింద గులాబి రంగు అడవి పువ్వులు పూసిన చోట కూర్చున్నాను. బాగుంది ఆ చోటు. నేనైతే అక్కడే పెడతాను. ఇదే అనుకుని జపమాల తీశాను.

ఎంతసేపైందో తెలీదు. గేటు కిర్రుమంది. నేను గేటుకే వదిలేసిన తాళంచెవి పట్టుకుని గారెట్ వచ్చాడు. చేతి కట్టు నిండా తెల్లగా అంటుకుంది.

"పిండి" అన్నాడు.

"అవును, పిండే. నేనే దాచాను. ఏం చేస్తావో చెయ్యి."

కట్టు మీది పిండి దులుపుకున్నాడు. ఆ దులుపుకోవడమే నాకు తిక్కరేపింది. లేచి నిలబడి అరిచాను.

"ఆవిడకెందుకు చెప్పావు? కడుపున మోసింది ఆవిడా? పాలు వచ్చి, తాగే బిడ్డ లేక గుడ్డలు బిగించి కట్టుకుంది ఆవిడా? ఇరవై ఏళ్ళు పక్కలో పడుకున్న దాన్ని నేను! నిన్నగాక మొన్న సైకిలు మీద వచ్చిన దానికి చెప్పావే!"

కాకులన్నీ లేచాయి. అవి మళ్ళీ వాలేదాకా గారెట్ నేల చూస్తూ నిలబడ్డాడు.

"అడిగింది" అన్నాడు.

లెంపకాయ కొట్టినా అంత తగలదు. నిజమే, నేను అడగలేదు. అడగకూడదన్నారు, నోరు మూసుకున్నాను.

"నువ్వైనా చెప్పొచ్చుగా?"

"అడుగుతావేమోనని ఆ ఏడంతా చూశాను, నోనీ. రోజూ చూశాను. అడగలేదు. నువ్వు మర్చిపోతున్నావు, నేనెందుకు కెలకాలి అనుకున్నాను."

"మర్చిపోవడమా! ఆదివారం ఆదివారం లిషీన్‌కి ఎందుకు పోతున్నాననుకున్నావయ్యా?"

"నడకకి అన్నావు కదే..." అని ఆగిపోయాడు. అప్పుడు అర్థమైంది మనిషికి. అలాంటి ముఖం నేనెప్పుడూ చూడలేదు. కోపం ఇంకా చాలా మిగిలే ఉంది గానీ, ఆ ముఖం మీద పెట్టలేకపోయాను.

"అందరూ అక్కడే పెడతారుగా" అన్నాను. "నువ్వెందుకు పెట్టలేదు?"

"అక్కడ పశువులు తిరుగుతాయి. తొక్కుతాయి. ఇక్కడైతే తాళం ఉంటుంది." కట్టు సర్దుకుంటూ, "అమ్మే తాళంచెవి తీసిచ్చింది" అన్నాడు.

మా అత్తగారు! ఆ తర్వాత కూడా ఏడేళ్ళు ఒకే పొయ్యి దగ్గర వండుకున్నాం.

మళ్ళీ కూర్చున్నాను, ఆ పువ్వుల దగ్గర. రాయి మీద చెయ్యి వేసి నిమిరాను. గారెట్ దగ్గరకు వచ్చి కట్టు ఉన్న చెయ్యి చాచాడు.

"అక్కడ కాదు, నోనీ" అన్నాడు. "ఇటు రా."

బురుజు మెట్ల కింద. చెమట చేత్తో నా చెయ్యి పట్టుకున్న చోటు. రొట్టెముక్కంత తెల్లరాయి, చుట్టూ ఒక్క కలుపు మొక్క లేదు. ఇరవై ఏళ్ళు పీకాడు.

కూర్చున్నాం. నన్ను పట్టుకుని ఏడ్చాడు. నాతో ఏడ్చాడు. ఆవిడ దగ్గర ఏడ్చిన దానికంటే ఎక్కువ ఏడ్చాడు, నేను చూశానుగా రెండూ.

"పేరు పెట్టావా?" అని అడిగాను.

"పేరు పెట్టకూడదన్నారు కదా. నువ్వు?"

ఇరవై ఏళ్ళుగా ఉంది నా దగ్గర. పైకి ఎప్పుడూ అనలేదు, జపంలో కూడా లోలోపలే. "పియర్స్" అన్నాను.

"పియర్స్" అన్నాడు గారెట్. మళ్ళీ అన్నాడు. "పియర్స్ కాంట్‌వెల్."

వచ్చేటప్పుడు గేటు నేనే వేశాను. తాళంచెవి నా జేబులో వేసుకున్నాను, ఇంక అది అక్కడే ఉంటుంది. రోడ్డు మధ్యలో గారెట్ ఆగి, "రేపు ఆవిడ వెళ్ళిపోతుంది. ఒకసారి కనపడి వస్తాను" అన్నాడు.

"వెళ్ళు" అన్నాను. "నా పీట తీసుకురా. పేరు మాత్రం ఆవిడకి చెప్పకు."